సర్వర్‌తో పాటు పోని కాపీ

సర్వర్‌తో పాటే పోయే కాపీ బ్యాకప్ కిందికి రాదు. ఉత్తరాంధ్రలోని శృంగవరపుకోటలో రైస్ మిల్లు గానీ, సిమెంటు డీలరు గానీ, నర్సింగ్ హోమ్ గానీ, ప్రైవేటు కాలేజీ గానీ, చాలా ఆఫీసుల్లో కనిపించేది ఒకటే అమరిక. ఓ మూలన టవర్ సర్వర్, దాని మీద ట్యాలీయో బిల్లింగ్ ప్రోగ్రామో, పక్కన యూపీఎస్. బ్యాకప్ ఉందా అని అడిగితే ఉందనే అంటారు. ఎక్కడుంది? అదే సర్వర్‌లోని డీ డ్రైవ్‌లో, లేదా వెనకవైపు ఎప్పుడూ గుచ్చి ఉండే యూఎస్‌బీ డిస్కులో. ఆ కాపీకీ సర్వర్‌కూ గది ఒకటే, కరెంటు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. సర్వర్‌కు తగిలే దెబ్బ దానికీ తగులుతుంది. అందుకే బ్యాకప్ చూసుకునే మనిషి మొదట చేయాల్సిన పని, సర్వరూ కాపీ కలిసి పంచుకుంటున్నవి ఏమిటో ఒక కాగితం మీద రాసుకోవడం. తర్వాత వాటిని ఒక్కొక్కటిగా విడదీయాలి. దీనికి పెద్ద ఐటీ విభాగం అక్కర్లేదు. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఒక్కరు వారానికి రెండు మూడు గంటలు కేటాయిస్తే చాలు.

ముందు తేల్చుకోవాల్సిన రెండు లెక్కలు

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న చర్చ తర్వాత. ముందు యజమానిని కూర్చోబెట్టి రెండు విషయాలు అడగాలి. సర్వర్ ఈ నిమిషంలో ఆగిపోతే ఎన్ని గంటల ఎంట్రీలు పోయినా సర్దుకోగలరు? మళ్లీ పని మొదలయ్యేదాకా ఎంతసేపు ఆగగలరు? బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో మొదటిదాన్ని ఆర్‌పీఓ అనీ, రెండోదాన్ని ఆర్‌టీఓ అనీ అంటారు. ఏమీ పోకూడదు, నిమిషం కూడా ఆగకూడదు అనే ఏ యజమానైనా అంటాడు. దానికయ్యే ఖర్చు చెప్పాక గానీ అసలు జవాబు బయటికి రాదు.

ఖరీఫ్ ధాన్యం దిగే రోజుల్లో ఒక మిల్లు సంగతి చూద్దాం. పొద్దున్నుంచీ వేబ్రిడ్జి ముందు ట్రాక్టర్లు, లారీలు వరసకట్టి ఉంటాయి. ప్రతి లోడుకూ ఒక తూకం చీటీ. బ్యాకప్ రాత్రి 11 గంటలకు నడుస్తుంది. సాయంత్రం 6 గంటలకు డిస్కు చెడిపోతే ఆ రోజు ఎంట్రీలన్నీ పోయినట్టే. అయితే చీటీలన్నిటికీ కార్బన్ కాపీ పుస్తకంలో ఉంటే ఇద్దరు గుమాస్తాలు కూర్చుని రాత్రికి మళ్లీ కొట్టేస్తారు. అలాంటి మిల్లుకు రోజుకొక బ్యాకప్ సరిపోతుంది. చీటీ నేరుగా ప్రింటరు నుంచి రైతు చేతికి వెళ్లిపోయి మిల్లులో ఏ కాగితమూ మిగలకపోతే మాత్రం గంటకోసారైనా తీయాలి. పక్కపక్కనే ఉన్న రెండు మిల్లులకు రెండు షెడ్యూళ్లు రావడానికి ఒక కార్బన్ పేపరు కారణం కావచ్చు.

రెండో లెక్కను అంకెలు వేసి చూడాలి. 500 జీబీ డేటాను సెకనుకు 100 ఎంబీ ఇచ్చే యూఎస్‌బీ డిస్కు నుంచి వెనక్కి తేవడానికి గంటన్నర కూడా పట్టదు. అదే డేటాను 50 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ మీద క్లౌడ్ నుంచి దింపుకోవాలంటే 22 గంటలు పైనే, అదీ లైన్ మధ్యలో తెగకపోతే. రేపు షట్టర్ తీసేసరికి బిల్లింగ్ నడవాలనుకునే వ్యాపారానికి క్లౌడ్ ఒక్కటే పనికిరాదు. దగ్గర్లో ఒక డిస్కు ఉండి తీరాలి.

ఏమేం విడదీయాలి

మూడు కాపీలు, రెండు రకాల మీడియా, అందులో ఒకటి వేరే చోట. దీన్ని 3-2-1 సూత్రం అంటారు. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. సూత్రం మంచిదే గానీ ఉత్తరాంధ్రలో ఆ ‘వేరే చోటు’ ఎంత దూరంలో ఉండాలో అది చెప్పదు. కాబట్టి సర్వర్‌కూ కాపీకీ మధ్య ఉన్న బంధాలను ఒక్కొక్కటిగా చూడటమే మేలు.

1. డిస్కు, గది. రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒక డిస్కు చెడితే సర్వర్ ఆగకుండా చూడటం వరకే రెయిడ్ పని. ఎవరైనా తప్పు ఫోల్డర్ డిలీట్ చేస్తే, రెండో డిస్కులోనూ అంతే శ్రద్ధగా డిలీట్ చేస్తుంది. సింక్ ఫోల్డర్లదీ ఇంచుమించు అదే తీరు. ఇక్కడ చెడిన ఫైలు అక్కడా చెడుతుంది. పాత వెర్షన్లు దొరికినా కొన్నాళ్ల వరకే. ఇక గది సంగతి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కు లిథియం బ్యాటరీల నుంచి మంటలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టీబీ డేటా బూడిదైంది. అంత పెద్ద డేటాకు బయట కాపీ తీయడం కష్టమని అసలు తీయనే లేదు. కొరియా ప్రభుత్వానికే తప్పనిది, యూపీఎస్ పక్కనే బ్యాకప్ డిస్కు పెట్టుకున్న ఆఫీసుకు తప్పుతుందా?

2. కరెంటు. వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలి లేస్తే కరెంటు పోవడం ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదు. బ్యాకప్ సగంలో ఉండగా యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే ఆ రోజు కాపీ చెడిపోతుంది. కొన్నిసార్లు డేటాబేస్ కూడా దెబ్బతింటుంది. యూపీఎస్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కు కలిపి, బ్యాటరీ ఒక స్థాయికి పడిపోగానే సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగేలా పెట్టుకోవాలి. కేబుల్ డబ్బాలోనే ఉండిపోయిన యూపీఎస్‌లు ఎన్నో! జాబ్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించే సెట్టింగ్ దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మామూలుగా పది నిమిషాల తేడాతో మూడుసార్లు ప్రయత్నిస్తుంది. గంటసేపు కరెంటు పోయే చోట ఆ అరగంట ఏ మూలకూ రాదు. పెంచుకోవాలి.

3. పాస్‌వర్డ్. ఇప్పుడున్న ప్రమాదాల్లో ఇదే పెద్దది. 2017 మే 12న ప్రపంచమంతా వ్యాపించిన వానాక్రై ర్యాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖనూ వదల్లేదు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు అది సోకింది. దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. 2019 మే మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లకు ఇంకో రకం ర్యాన్సమ్‌వేర్ తగిలి, ఆన్‌లైన్‌లో బిల్లులు కట్టేవారు ఇబ్బంది పడ్డారు. అడ్మిన్ గమనించాల్సింది ఇంకొకటుంది. వానాక్రై ఫైళ్లకు తాళం వేసి ఊరుకోలేదు. విండోస్ దాచే షాడో కాపీలను చెరిపేసి, విండోస్ బ్యాకప్ క్యాటలాగ్‌ను కూడా తుడిచేసే కమాండ్ నడిపింది. దొంగ ముందు వెతికేది బ్యాకప్‌నే.

అందుకు చేయాల్సినవి చిన్న పనులే. బ్యాకప్ సర్వర్‌ను డొమైన్‌లో చేర్చకూడదు. దానికి వేరే యూజరు, వేరే పాస్‌వర్డ్ ఉండాలి. బ్యాకప్ ఫోల్డర్‌ను ఎవరి కంప్యూటర్‌లోనూ నెట్‌వర్క్ డ్రైవ్‌గా కనిపించేలా పెట్టకూడదు. గడువు తీరేదాకా అడ్మిన్ కూడా చెరపలేని ‘ఇమ్యూటబుల్’ నిల్వ లైనక్స్ రిపాజిటరీల్లోనూ, క్లౌడ్ ఆబ్జెక్ట్ లాక్‌లోనూ దొరుకుతుంది. వీలైతే అది తీసుకోవాలి. వీలుకాకపోతే మూడు యూఎస్‌బీ డిస్కులు కొని, వాటి మీద ఎ, బి, సి అని మార్కర్‌తో రాసి, ఒకటి మాత్రమే గుచ్చి, మిగతా రెండూ బీరువాలో పెట్టి వారానికోసారి మార్చాలి. ఊడదీసి ఉన్న డిస్కులోకి ఏ వైరసూ దూకలేదు.

4. గాలివాన. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, ఆదివారం, విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా వెళ్లింది. స్తంభాలు నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. శృంగవరపుకోట నుంచి విశాఖ దాదాపు యాభై కిలోమీటర్లు, విజయనగరం అంతకన్నా దగ్గర. ఈ మూడు ఊళ్లూ ఒకే తుపాను దారిలో ఉన్నాయి. విశాఖ బ్రాంచిలో కాపీ ఉంది కదా అని శృంగవరపుకోట ఆఫీసు ధీమాగా ఉంటే, గది మారిందే గానీ ముప్పు మారలేదు. దూరపు కాపీ హైదరాబాద్‌లోనో, ముంబైలోనో ఉండాలి. అమెజాన్ క్లౌడ్‌కు ముంబైలో 2016 నుంచీ, హైదరాబాద్‌లో 2022 నుంచీ డేటా సెంటర్లున్నాయి. మైక్రోసాఫ్ట్‌కు పుణెలో ఉన్నాయి.

ఇంకో వైపూ ఆలోచించాలి. తుపాను తర్వాత వారం పాటు ఇంటర్నెట్టే లేకపోతే హైదరాబాద్ కాపీ ఎలా దిగుతుంది? దిగదు. జనరేటరు మీద సర్వర్ నడుస్తున్నా, క్లౌడ్ అందదు. అందుకే దగ్గరి డిస్కూ కావాలి, దూరపు కాపీ కూడా కావాలి. రెంటిలో ఏదో ఒకటి చాలనడం లెక్క తప్పడమే. హుద్‌హుద్ లాగే ఆదివారం వచ్చే తుపానుకు, శనివారం సాయంత్రమే ఒక డిస్కు ఊడదీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి పై అంతస్తుకో, యజమాని ఇంటికో చేర్చే మనిషి ఎవరో ముందే అనుకుని ఉండాలి.

దూరానికి మొదటి కాపీ పంపడం దగ్గరే చాలామంది విసిగిపోతారు. 200 జీబీని 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద పంపడానికి 44 గంటలు పడుతుంది. ఆ వారాంతంలో లైన్ రెండుసార్లు తెగితే ఇక క్లౌడ్ మన ఊరికి కాదు అని వదిలేస్తారు. డేటాను భాగాలుగా చేసి, ముందు అకౌంట్ల డేటాబేస్, తర్వాత డాక్యుమెంట్లు, చివర స్కాన్ చేసిన పాత ఫైళ్లు, ఇలా వారానికొకటి పంపితే నెలలో పూర్తవుతుంది. ఆ తర్వాత రోజూ వెళ్లేది మారిన భాగమే, అది చాలా ఆఫీసుల్లో ఒకటి రెండు జీబీ దాటదు.

5. మనిషి. అన్నీ ఒక్కరికే తెలిసి ఉండటం కూడా ఒక బంధమే. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పోతే సాఫ్ట్‌వేర్ తయారు చేసిన కంపెనీ కూడా ఫైలు తెరిచి ఇవ్వలేదు. ఆ పాస్‌వర్డ్‌ను కవర్లో పెట్టి, అతికించి, యజమాని లాకర్లో ఉంచాలి.

జాబ్ పెట్టేటప్పుడు

ఒకటి రెండు సర్వర్లున్న చోట ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తో పనిలేదు. విండోస్ సర్వర్‌తోనే ఉచితంగా వచ్చే బ్యాకప్ టూల్ ఉంది. వీమ్ కమ్యూనిటీ ఎడిషన్ పది మెషిన్ల వరకు ఉచితం. లైనక్స్ తెలిసినవారికి బాక్యులా ఉంది. బ్యాకప్ ఎగ్జెక్, ఆక్రోనిస్ డబ్బు పెట్టి కొనేవి. ఉన్న డబ్బు ముందు రెండు అదనపు డిస్కులకూ మంచి యూపీఎస్‌కూ పెట్టడం తెలివైన పని. విండోస్ టూల్‌లో ఒక మెలిక ఉంది. నెట్‌వర్క్ ఫోల్డర్‌లోకి బ్యాకప్ తీస్తే కొత్తది పాతదాన్ని తుడిచేస్తుంది, ఎప్పుడూ ఒక్క కాపీయే మిగులుతుంది. విడిగా ఒక డిస్కు ఇస్తేనే పాత తేదీలు నిలుస్తాయి. ఇవ్వగానే ఆ డిస్కును ఫార్మాట్ చేసేస్తుంది కాబట్టి, అందులో ముందే ఏమైనా ఉంటే తీసేసుకోవాలి.

మామూలుగా ఆదివారం ఫుల్ బ్యాకప్, మిగతా ఆరు రోజులు ఇంక్రిమెంటల్. ఇంక్రిమెంటల్‌లో ముందు రోజు నుంచి మారినవే వెళ్తాయి కాబట్టి త్వరగా అవుతుంది, చోటూ తక్కువే. కానీ శుక్రవారం డేటా కావాలంటే ఆదివారం నుంచి శుక్రవారం దాకా ప్రతి ఫైలూ బాగుండాలి. బుధవారం కరెంటు పోయి ఆ ఫైలు చెడితే గురు, శుక్రవారాలవి ఉన్నా పనికిరావు. కరెంటు నిలకడ లేని చోట డిఫరెన్షియల్ మేలు. అది ఫుల్ నుంచి మారినవన్నీ ప్రతిసారీ తీస్తుంది. చోటు ఎక్కువ తీసుకున్నా, వెనక్కి తేవడానికి రెండు ఫైళ్లుంటే సరిపోతుంది.

తెరిచి ఉన్న డేటాబేస్ ఫైలును మామూలు కాపీ పేస్ట్‌తో తీసుకోవడం ఇంకో పాత తప్పు. ఎస్‌క్యూఎల్ సర్వర్ నడుస్తుండగా దాని ఫైలు లేవదు. ఎలాగోలా లేచినా లోపల సగం రాసిన పేజీలుంటాయి. డేటాబేస్ సొంత బ్యాకప్ కమాండ్ వాడాలి, లేదా తెరిచి ఉన్న ఫైళ్లకూ సరైన కాపీ తీసే విండోస్ వీఎస్ఎస్ పద్ధతి తెలిసిన సాఫ్ట్‌వేర్ వాడాలి. చిన్న వ్యాపారాల బిల్లింగ్ ప్రోగ్రాములు చాలావరకు ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తాయి. అందులో షెడ్యూల్ నడిపే ఏజెంట్ ఉండదు. చిన్న స్క్రిప్టు రాసి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కు అప్పగించాలి. ట్యాలీ విషయంలో కంపెనీ డేటా ఫోల్డర్‌తో పాటు ప్రోగ్రాంలోని బ్యాకప్ ఆప్షన్‌తో తీసిన కాపీ కూడా ఉంచుకోవాలి. అది తీసేటప్పుడు అందరూ కంపెనీని మూసేయాలి. రాత్రి పూట ఒక్క కంప్యూటర్‌లో ట్యాలీ తెరిచి ఇంటికెళ్లిపోయినా కాపీ సరిగ్గా రాదు.

పాత కాపీలు ఎన్నాళ్లు ఉంచాలి? ఏడు రోజులని పెడితే, ఇరవై రోజుల కిందట ఎవరో చెరిపిన లెడ్జర్ ఆడిటరు వచ్చేదాకా తెలియదు, అప్పటికి ఏ కాపీలోనూ ఉండదు. రోజువారీవి రెండు వారాలు, నెలాఖరువి ఏడాది, మార్చి 31 నాటివి ఎనిమిదేళ్లు. చాలా వ్యాపారాలకు ఇది సరిపోతుంది. చట్టం లెక్కా దీనికి దగ్గరే. జీఎస్‌టీలో లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. ప్రమాదం జరిగినా, ప్రకృతి వైపరీత్యం వచ్చినా తగిన సమయంలో రికార్డులు తిరిగి తేగలిగేలా బ్యాకప్ ఉండాలని నిబంధన 57 చెబుతోంది. కంపెనీల చట్టం కింద నమోదైనవాటికి ఎనిమిదేళ్లు. 2022 ఆగస్టు సవరణ తర్వాత వాటి పుస్తకాల బ్యాకప్ రోజూ భారత్‌లోని సర్వర్‌లో పడాలి.

పచ్చ టిక్కు చూసి ఊరుకుంటే

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. బ్యాకప్ కోసం వెతికితే నిల్వ చోటు ఖాళీగా ఉంది. డేటాబేస్ వెర్షనూ, బ్యాకప్ టూల్ వెర్షనూ కలవక జాబ్ రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైందని ఈమెయిల్ వెళ్తూనే ఉంది, కానీ మెయిల్ సెట్టింగుల లోపం వల్ల అది ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ ఒకటి మిగిలింది. ఇక్కడ నేర్చుకోవాల్సింది సూటిగా ఉంది. ఫెయిలైతే మెయిల్ రావాలి అన్న సెట్టింగ్ చాలదు. సర్వీసే ఆగిపోతే మెయిల్ పంపేవారుండరు. సక్సెస్ అయినా మెయిల్ రావాలి, అది రాని రోజునే అనుమానించాలి. ఆ మెయిల్ రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసిన మనిషి అడ్రసుకు పోవడం లేదు కదా? బ్యాకప్ ఫైలు సైజు కూడా చూడాలి. రోజూ రెండు జీబీ వచ్చేది ఇవాళ ఇరవై ఎంబీ వస్తే, టిక్కు పచ్చగా ఉన్నా లోపల ఏదో తేడా ఉన్నట్టే.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని వెరిఫై కమాండ్ ఫైలు పూర్తిగా ఉందా, చదవడానికి వస్తుందా అని మాత్రమే చూస్తుంది. లోపలి డేటా బాగుందో లేదో చెప్పదు. అది తెలియాలంటే ఇంకో కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి చూడాల్సిందే.

సర్వర్ పోయిన రోజున

ఆ రోజు తొందరే పెద్ద శత్రువు. కింది వరస పాటిస్తే చాలావరకు గట్టెక్కవచ్చు.

1. వైరస్ అనుమానం ఉంటే ముందు నెట్‌వర్క్ కేబుల్ ఊడదీయాలి. బ్యాకప్ డిస్కును ఆ సర్వర్‌కు అస్సలు గుచ్చకూడదు. సైబర్ దాడి అని తేలితే ఆరు గంటల్లోపు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశాలున్నాయి.

2. పాడైన డిస్కును ఫార్మాట్ చేయకూడదు. పక్కన పెట్టి కొత్త డిస్కులోకి రిస్టోర్ చేయాలి. బ్యాకప్ కూడా చెడిందని తేలితే ఆ పాత డిస్కే ఆఖరి ఆశ.

3. ఏ తేదీకి వెళ్లాలో నిర్ణయించాలి. డిస్కు చెడితే నిన్నటి కాపీ. ర్యాన్సమ్‌వేర్ అయితే అది లోపలికి వచ్చిన రోజుకు ముందుది, అది రెండు వారాల కిందటిది కావచ్చు.

4. మొత్తం సర్వర్‌నే కొత్త మెషిన్ మీదికి తేవాల్సి వస్తే రికవరీ పెన్‌డ్రైవ్ కావాలి, దాంట్లో కొత్త మెషిన్ రెయిడ్ డ్రైవర్ ఉండాలి. అది లేక, డిస్కులే కనిపించక రాత్రంతా కూర్చునేవారున్నారు.

5. యూజర్ల లాగిన్ చూసే సర్వర్ ముందు, తర్వాత డేటాబేస్, ఆపైన బిల్లింగ్ ప్రోగ్రాం, చివర కౌంటర్ కంప్యూటర్లు. తలకిందులైతే ప్రతి ప్రోగ్రామూ ఏదో ఒక ఎర్రర్ చూపిస్తుంది.

6. తెరవగానే అందరికీ ఇచ్చేయకూడదు. చివరి ఇన్‌వాయిస్ నంబరు, ఆ రోజు క్యాష్ నిల్వ, రెండు మూడు పార్టీల బ్యాలెన్సులు కాగితాలతో సరిచూడాలి. ఎక్కడి దాకా ఎంట్రీలున్నాయో తేలాకే మిగతావి కొట్టడం మొదలుపెట్టాలి. లేకపోతే ఒకే బిల్లు రెండుసార్లు పడుతుంది.

7. పని మొదలైన రాత్రే కొత్త ఫుల్ బ్యాకప్ తీయాలి. పాత వరస అక్కడితో తెగిపోయింది.

ఈ వరసంతా కాగితం మీద, తెలుగులో, సాఫ్ట్‌వేర్ లైసెన్సు నంబర్లు, సర్వీసు వాళ్ల ఫోన్లతో సహా రాసి బీరువాలో పెట్టాలి. వర్డ్ ఫైలుగా అదే సర్వర్‌లో దాస్తే, అవసరమైన రోజున అదీ తెరుచుకోదు.

నెలకోసారి ఒక్క ఫైలు, మూడు నెలలకోసారి ఒక డేటాబేస్, ఏడాదికోసారి మొత్తం సర్వర్. రిస్టోర్ అభ్యాసానికి ఈ లెక్క చాలు. ఏడాది అభ్యాసానికి సెప్టెంబరు సరైన నెల. ఎందుకంటే ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న ఈ తీరానికి వచ్చాయి. అభ్యాసం రోజున పాత కంప్యూటర్ ఒకటి తీసుకుని, ఎప్పుడూ ఈ పని చేయని మనిషి చేతికి ఆ కాగితం ఇచ్చి, పక్కన నిలబడి మాట్లాడకుండా చూడాలి. ఎక్కడ ఆగిపోయాడో అక్కడ కాగితంలో ఒక వాక్యం తక్కువైనట్టు. ఆ వాక్యం రాసి, మొదలుపెట్టిన సమయం, పూర్తయిన సమయం కింద వేసి, యజమాని ముందు చెప్పిన ఆర్‌టీఓతో పోల్చి చూడాలి. తేడా ఉంటే డిస్కు మార్చడమో, డేటా తగ్గించడమో, యజమాని అంచనా సవరించడమో అప్పుడే తేల్చుకోవాలి.